ఎర్రగట్టు అవ్వ

హెప్సిబా వెల్లుల్లి రెబ్బలు వలుస్తోంది. పొయ్యి మీద ఇనుప గంటెలో నువ్వుల నూనె సన్నగా వేడెక్కుతోంది. రెబ్బలు నలిపి, చిటికెడు వాముతో పాటు నూనెలో వేసి, అంచులు ఎర్రబడగానే దించాలి. నల్లబడితే నానమ్మ ఆ నూనె ముట్టదు. మాడిన నూనె బొక్కలకు ఎక్కదంటుంది.

ముందు గదిలో జోస్నా చాప మీద కాలు చాపుకుని కూర్చుంది. కింది వాటాలో ఉండే ఇంటివాళ్ళ అమ్మాయి, ఎనిమిదో తరగతి. సరూర్‌నగర్ స్టేడియానికి కబడ్డీ నేర్చుకోవడానికి పోయి, తరచూ ఏదో ఒక కీలు బెణికించుకుని వస్తుంది. దవాఖానకు పోదామని తల్లి అంటే వద్దని, కుంటుకుంటూ మెట్లన్నీ ఎక్కి నానమ్మ దగ్గరికే వస్తుంది.

నానమ్మ పేరు రెబెక్కమ్మ, హెప్సిబా తండ్రికి తల్లి. ఆమె జోస్నా మడమను ఒళ్ళో పెట్టుకుంది. గంటెలో వేలు ముంచి, వేడి తన ముంజేతి మీద చూసుకుని, అప్పుడు బొటనవేలితో చీలమండ చుట్టూ రాయడం మొదలుపెట్టింది. గట్టిగా నొక్కదు. ఎక్కడో పోయిన సూదిని చీర మడతల్లో వెతుకుతున్నట్టు మెల్లగా వెతుకుతుంది. దొరికిన చోట ఆగుతుంది. అక్కడి నుంచి కిందికి, పాదం మీదుగా కాలి బొటనవేలి కొస దాకా నూనెతో దువ్వుతూ తెస్తుంది. మళ్ళీ పైనుంచి, మళ్ళీ కొస దాకా.

"అబ్బా, నానమ్మా," అని జోస్నా పళ్ళు బిగించింది.

"కబడ్డీల మంది మీద పడ్డప్పుడు లేని అబ్బ ఇప్పుడెందుకే," అంది నానమ్మ. నవ్వితే పై వరుసలో ముందటి రెండు పళ్ళు లేని ఖాళీ కనిపిస్తుంది. హెప్సిబాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ ఖాళీ అట్లాగే ఉంది. ఊర్లో బావి దగ్గర జారిపడ్డప్పుడు పోయాయని ఇంట్లో చెప్పేవాళ్ళు.

చివరికి నానమ్మ జోస్నా బొటనవేలి కొసను రెండు వేళ్ళతో పట్టి, అక్కడికి చేరినదేదో పిడికిట్లోకి తీసుకున్నట్టు చెయ్యి మూసింది. తలుపు వైపు చూసింది.

"బయట ఎవలన్న ఉన్నరా, జూడు బిడ్డా."

ఇది ఎప్పుడూ అడిగేదే. హెప్సిబా గడప దగ్గరికి వెళ్ళి వరండా చూసింది. ఎదురు వాటాలో ఉండే అండాలమ్మ తలుపు మూసి ఉంది. తీగె మీద ఆమె భర్త గోపయ్య లుంగీ ఆరుతోంది. ఎవరూ లేరని చెప్పాక, నానమ్మ మణికట్టు ఒక్కసారి తిప్పి ఆ పిడికిలిని తలుపు బయటికి విదిలించింది. వేళ్ళు ఐదూ విచ్చుకున్నాయి. "ప్రభువా, తీస్కపో," అంది, పక్కనున్నవాళ్ళకు కూడా సరిగా వినపడనంత మెల్లగా.

జోస్నా లేచి కాలు మోపి చూసుకుంది. నానమ్మ నూనె చెయ్యి పాతగుడ్డతో తుడుచుకుంటూ హెప్సిబాను అడిగింది:

"ఇయ్యాల ఎవలెవలికి నయం జేసిన?"

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో హెప్సిబా పనిచేసే గేమ్‌ల కంపెనీ ఉంది. అక్కడ ఇప్పుడు తయారవుతున్నది ఏడు గట్ల రాజ్యం అనే ఆట. గట్టుకొక కోట, కోటకొక దుష్టుడు. కత్తి పట్టిన విరాజుడు, విల్లు పట్టిన నీలవేణి, సమ్మెట మోసే గుండడు ఆ ఆటలో వీరులు. ఆడేవాళ్ళు ఈ ముగ్గురిలో ఒకరై గట్లెక్కుతారు. రెండో గట్టు ఎర్రగట్టు. దాని కింద ఒక గుడిసె ఉంటుంది. గాయపడిన వీరుడు అక్కడ కూర్చుంటే ఒక ముసలమ్మ వచ్చి భుజానికి నూనె రాసి, నొప్పిని పిడికిట్లోకి తీసుకుని గుడిసె బయటికి విదిలిస్తుంది. వీరుడి ప్రాణం మళ్ళీ నిండుతుంది. పల్లెటూరి మందుల అవ్వ ఎట్లా ఉంటుందో తెలియక బొమ్మలు వేసేవాళ్ళు తలలు పట్టుకుంటే, హెప్సిబా ఫోన్‌లో తీసిన నానమ్మ వీడియో ఇచ్చింది. నడక, వంగిన నడుము, ముక్కుపుడక, చెయ్యి విదిలించడం అన్నీ అందులోనివే. అప్పటి నుంచి నానమ్మ రోజూ సాయంత్రం ఈ మాట అడుగుతుంది.

"విరాజుడికి చేసినవు. నీలవేణికి రెండుసార్లు. గుండడు అయితే నీ గుడిసె ఇడిసిపెడ్తలేడు," అని హెప్సిబా చెప్పింది.

"నానమ్మా, నీకు జీతమన్న ఇస్తున్నరా?" అని జోస్నా అడిగింది.

"గుండనికి జెప్పు, సమ్మెట జర తక్కువ మొయ్యమని," అంది నానమ్మ.

*

సోమవారం ఆఫీసులో జగన్ ఆమె కుర్చీ పక్కకు వచ్చి నిలబడ్డాడు. నల్లగొండ పక్క పల్లె నుంచి వచ్చిన కుర్రాడు, బొమ్మలకు కదలికలు ఇచ్చే పని అతనిది. నానమ్మ వీడియో చూసి చూసి, చెయ్యి ఏ క్షణాన తిరుగుతుందో, ఏ వేలు ముందు విచ్చుకుంటుందో కనిపెట్టి అవ్వకు అతికించింది అతనే. మామూలుగా జోకులేస్తూ వచ్చేవాడు. ఆ రోజు మెడ గోక్కుంటూ నిలబడ్డాడు.

మూడో గట్టు మీద నాగరాజు అనే దుష్టుడు ఉండాలి. వాణ్ణి బయట ఎవరికో చేయమని ఇస్తే వాళ్ళు ఇంకా తల కూడా పూర్తి చేయలేదు. శుక్రవారం నాటికి మూడు గట్ల దాకా ఉచితంగా ఆడి చూసే ఆట బయటికి వెళ్ళాలి. అందుకని పెద్దసారు ఉన్న బొమ్మనే వాడమన్నారు. అంతా చెప్పి జగన్ ఆమె కంప్యూటర్‌లో కొత్తది తెరిచి పెట్టాడు.

మూడో గట్టు మీద చీకటి. పొగలోంచి నడుము వంగిన మనిషి వస్తోంది. ఆ నడక హెప్సిబాకు కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది. దగ్గరికి వచ్చాక కళ్ళు ఎర్రగా వెలిగాయి. నోరు తెరిచి నవ్వింది, ముందటి రెండు పళ్ళ ఖాళీలోంచి పొగ వచ్చింది. చెయ్యి మూసి, మణికట్టు తిప్పి, వేళ్ళు ఐదూ విప్పి విదిలించింది. ఆకుపచ్చటి విషం వచ్చి విరాజుడి ఛాతీ మీద పడింది.

"రెండో గట్టు కింద మందు రాసేదే మూడో గట్టు మీద మంత్రగత్తె అన్నట్టు," అన్నాడు జగన్. "నమ్మినోళ్ళకు ఝట్కా తగుల్తదంట. సార్ ఐడియా."

హెప్సిబా తెర మీది ఆట ఆపేసింది. తర్వాత లేచి సారు గదికి వెళ్ళింది. ఆ ఆఫీసులో చేరినప్పటి నుంచి పిలవకుండా ఆ గదిలోకి ఆమె వెళ్ళడం అదే మొదలు.

విశ్వేశ్వరరావు కోస్తా నుంచి వచ్చి వనస్థలిపురంలో స్థిరపడినవాడు. ఎవరి మీదా గొంతు లేపడు. పండగలకు అందరికీ తనే మిఠాయి పంచుతాడు. ఆమెను కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు. ఆ అవ్వ మా నానమ్మ అని, ఆమెను చెడ్డదాన్ని చెయ్యొద్దని చెప్పింది.  

"చూడమ్మా, మీ నానమ్మగారిని మేం ఏమీ అనట్లేదు. కథలో పాత్ర అది. ఈ ఆట ఆడేవాళ్ళకి ఆవిడెవరో తెలియదు కదా?"

"నానమ్మకు తెల్సు సార్."

"ఆవిడ గేమ్ ఆడతారా ఏంటి?" అని ఆయన మెత్తగా నవ్వాడు. నాగరాజు తయారయ్యాక చూద్దామన్నాడు. ఈ శుక్రవారం దాటకపోతే నాగరాజూ ఉండడు, మనమూ ఉండమన్నాడు. అది బెదిరింపు కాదు, నిజమే. కిరాయి కట్టలేక కంపెనీ తన రెండు అంతస్తుల్లో ఒకటి ఖాళీ చేసిన సంగతి ఆమెకూ తెలుసు.

ఆమె తిరిగి వచ్చి కూర్చుంది. ఆట బయటికి వెళ్ళే ముందు అన్ని రకాలుగా ఆడి చూడడం ఆమె పని. మంత్రగత్తెను విరాజుడి ప్రతి కత్తితో చంపి చూడాలి. నీలవేణి ప్రతి బాణంతో, గుండడి సమ్మెటతో, ఎదురుగా, వెనక నుంచి, పారిపోతుండగా చంపి చూడాలి. చనిపోయిన ప్రతిసారీ ఆమె ఒంగి మోకాళ్ళ మీద పడుతుందా, పక్కకు ఒరుగుతుందా, చేతిలోంచి నూనె గిన్నె దొర్లుతుందా అని చూడాలి. ఆ గిన్నె గెలిచినవాడికి బహుమతి. దాన్ని ఒంటికి రాసుకుంటే తర్వాతి గట్టు మీద బలం పెరుగుతుంది. ఒకసారి గిన్నె రాలేదు. ఎందుకు రాలేదో తెలియాలంటే అదే దెబ్బ అదే చోట మళ్ళీ మళ్ళీ కొట్టాలి. సాయంత్రానికి ఆమె బొటనవేళ్ళు రెండూ లాగుతున్నాయి.

ఇంటికి వచ్చేసరికి నానమ్మ గడపలో కూర్చుని చిక్కుడుకాయ ఈనెలు తీస్తోంది.

"ఇయ్యాల ఎవలెవలికి నయం జేసిన?"

హెప్సిబా చెప్పులు విడుస్తూ, తల ఎత్తకుండా, "చానామందికి," అంది.

*

తండ్రి యెహెజ్కేలు పండ్ల మార్కెట్‌లో హమాలీ. మార్కెట్ గడ్డిఅన్నారంలో ఉన్నన్నాళ్ళు నడిచి పోయి వచ్చేవాడు. అది బాటసింగారం పోయాక తెల్లవారక ముందే ట్రాలీ ఆటో పట్టుకుని పోతున్నాడు. మరునాడు సాయంత్రం అతను డాబా మీద ట్యాంకు నల్లా కింద కాళ్ళు కడుక్కుంటుంటే హెప్సిబా తువ్వాలు పట్టుకుని వెళ్ళింది. తల్లి కాలనీ స్కూల్లో ఆయా పని ముగించుకుని ఇంకా రాలేదు. నానమ్మ కింద ప్రార్థన చేసుకుంటోంది. ఆఫీసు సంగతి తండ్రికి చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదనిపించింది.

ఆమె చెప్తున్నంతసేపూ అతను మడమలు రాయికి రుద్దుకుంటూనే ఉన్నాడు. మంత్రగత్తె అన్న మాట దగ్గర చెయ్యి ఆగింది. నల్లా కట్టేశాడు.

"పళ్ళు గూడ గట్లనే పెట్టిండ్రా?"

"వీడియోల ఉన్నయి ఉన్నట్టే పెట్టిండ్రు. బాయి కాడ పడ్డప్పుడు పోయినయి కద నాయిన."

అతను తువ్వాలు అందుకున్నాడు. తుడుచుకోలేదు. భుజం మీద వేసుకుని, మెట్రో పట్టాల వైపు తిరిగి నిలబడ్డాడు.

"బాయి కాడ పడలె," అన్నాడు. "ఊర్ల ఒక పోరి చెయ్యి పట్టింది మీ నానమ్మ. నొప్పి తీసి వాకిట్లకు ఇదిలించింది. గప్పుడే ఎదురింటోడు అటునుంచి పోతున్నడు. తెల్లారి వాని బర్రె సచ్చింది, మూడోనాడు వాడు మంచంల వడ్డడు. బాణామతి, చేతబడి జేసిందన్నరు. పళ్ళు వీకితే మంత్రం నోట్ల నిలువదంట. పట్కారు దెచ్చిండ్రు."

కింద బస్సులు హారన్లు కొడుతున్నాయి. 

"నేను పదేండ్లోణ్ణి. నా కండ్ల ముంగట్నే. ఆ రాత్రే ఊరు ఇడిసినం," అన్నాడు యెహెజ్కేలు. కాళ్ళు తుడుచుకుని, "ఈ ముచ్చట ఆమె ముంగట తియ్యకు. ఆ ఆట ఆమెకు సూపియ్యకు. గంతే," అన్నాడు.

నౌకరీ మానెయ్యనా అని ఆమె అడిగింది. మానేస్తే ఆ బొమ్మ మారుతుందా అని అతను అడిగాడు. మారదంది. అతను తలాడించి మెట్లు దిగాడు.

బుధవారం పొద్దున నానమ్మ పాల ప్యాకెట్ కోసం కిందికి వెళ్తుంటే హెప్సిబా వెనకే నిలబడి చూసింది. మెట్లకు ఒక పక్కే ఇనుప కమ్మీ ఉంది. దిగేటప్పుడు అది కుడివైపు వస్తుంది. నానమ్మ కుడిచేత్తో కమ్మీని పట్టుకుంటుంది, రెండు కాళ్ళూ ఒకే మెట్టు మీదకు చేరాకే తర్వాతి మెట్టు దిగుతుంది. మోకాళ్ళు అరిగినప్పటి నుంచి ఆ కమ్మీ లేకుండా ఒక్క మెట్టూ దిగదు. మలుపు దగ్గర అండాలమ్మ ఎదురొస్తే నానమ్మ గోడకు ఒత్తుకుని, ఆమె దాటేదాకా ఆగింది. ఇన్నేళ్ళూ అది మర్యాద అనుకుంది హెప్సిబా. బయట ఎవరైనా ఉన్నారేమో చూడమని అడగడం కూడా ముసలితనపు చాదస్తం అనుకుంది.

*

ఆ రోజు ఆఫీసులో ఆమె ఒక పని చేసింది. ఆటలో తప్పు కనిపిస్తే రాసిపెట్టడం టెస్టర్ల పని. రాస్తే దిద్దక తప్పదు. మంత్రగత్తె చెయ్యి విదిలించడం దాడిలా లేదని, మందు రాసినట్టే ఉందని, ఆడేవాళ్ళు పొరబడతారని, కదలిక మార్చాలని రాసింది. రాసినదాంట్లో అబద్ధం లేదు. ఆ కదలిక తీసేసి కర్ర తిప్పడమో, కేక వేయడమో పెడతారని ఆమె ఆశ. చెయ్యి ఒక్కటి తప్పించినా నానమ్మ కొంతైనా ఆ బొమ్మలోంచి తప్పించుకున్నట్టే.

మధ్యాహ్నం దాటాక జగన్ సంబరంగా పిలిచాడు.

"కరెక్టు పట్టినవు చెల్లె. వీడియో మళ్ళ మెల్లగ నడిపి చూసిన. విదిలించే ముందు ఆమె జరసేపు ఆగుతది. తలుపు దిక్కు చూస్తది. గా ఆగుడు నేను తీసేసిన, గందుకే పస లేదు. ఇప్పుడు చూడు."

తెర మీద మంత్రగత్తె పిడికిలి మూసింది. ఆగింది. వీరుడి వైపు తల తిప్పి, ఎర్రటి కళ్ళతో వెతుకుతున్నట్టు చూసింది. అప్పుడు విదిలించింది. ఇంతకుముందు ఒకోసారి గురి తప్పేది. ఇప్పుడు తప్పలేదు.

ఆ ఆగడం ఎందుకో హెప్సిబాకు తెలుసు. వీడియో తీసినప్పుడు గడప దగ్గర నిలబడి ఎవరూ లేరని చెప్పింది తనే. ఆ మాట దాకా నానమ్మ ఎదురు చూసింది.

"మంచిగ లేదా?" అని అడిగాడు జగన్, ఆమె ముఖం చూసి.

 మంత్రగత్తె నోట్లో ఆ ఖాళీ దగ్గర రెండు పళ్ళు పెట్టమని మాత్రం ఆమె అడిగింది. ఎందుకో అతను అడగలేదు. మూతి మారిస్తే పని పెరుగుతుందని గొణిగాడు, కానీ టీ తాగడానికి కూడా లేవకుండా కూర్చుని పెట్టాడు. తెల్లటి రెండు పళ్ళు. అవి పెట్టగానే తెర మీది ముఖం ఎవరిదో అయింది. హెప్సిబాకు రెండు రోజుల తర్వాత ఆకలి తెలిసింది. కింద బండి దగ్గర మిర్చి బజ్జీలు కొనుక్కుని జగన్‌కూ తెచ్చింది.

గురువారం విశ్వేశ్వరరావు అందరి వెనకా నిలబడి మూడో గట్టు చివరి వరకు చూశాడు. చెయ్యి విదిలింపు బాగా కుదిరిందని జగన్ వీపు తట్టాడు. ముఖం దగ్గర ఆపమన్నాడు.

"పళ్ళు ఎందుకు మార్చారు? ఆ ఖాళీలోనే కదయ్యా భయం ఉన్నది."

జగన్ హెప్సిబా వైపు చూడలేదు. తన పొరపాటేనన్నాడు. మళ్ళీ తీసేశాడు, తీయడానికి పెట్టినంత సమయం కూడా పట్టలేదు.

శుక్రవారం ఆమె ఆఖరిసారి మొత్తం ఆడింది. చంపింది, గిన్నె దొర్లింది, తీసుకుంది. తప్పులేమీ లేవని తన పేరు పక్కన నొక్కింది. లేనప్పుడు ఉన్నాయని ఎట్లా రాస్తుంది? కాసేపటికి ఆట బయటికి వెళ్ళిపోయింది. ఎవరో కేకు తెప్పించారు. అందులో ముక్క ఆమె టిష్యూలో చుట్టి, ఎవరూ తినకపోతే పాడవుతుందని, సంచిలో పెట్టుకుంది. ఇంట్లో నానమ్మ కేకు తింటూ అడిగింది ఎవలెవలికి నయం జేసిన అని. అందరికీ అని చెప్పింది హెప్సిబా. ఇంక ఆఫీసులో ఆ పని అయిపోయిందని, రేపటి నుంచి వేరే పని ఇస్తారని కూడా చెప్పింది. ఇట్లా చెప్తే అడగడం మానేస్తుందనుకుంది.

"అయిపోవుడేంది," అంది నానమ్మ, క్రీము అంటిన వేళ్ళు చూసుకుంటూ. "దెబ్బలు తాకేటోళ్ళు ఉన్నన్ని రోజులు ఉంటది."

*

ఆదివారం చర్చి నుంచి వచ్చి, తిని, అందరూ కాసేపు పడుకుని లేచారు. తల్లి ఉతికిన బట్టలు తేవడానికి డాబా మీదికి పోయింది. తండ్రి యూనియన్ మీటింగ్ అని కొత్తపేట పోయాడు. జోస్నా ఈసారి మరో కాలు కుంటుతూ వచ్చింది. హెప్సిబా వంటింట్లో వెల్లుల్లి వలుస్తూ ముందు గదిలో వాళ్ళ మాటలు వింటోంది. జోస్నా ఎవరినో పట్టుకోబోయి ఎట్లా పడిందో చెప్తోంది. నానమ్మ నవ్వుతోంది. గంటెలో నూనె మీద చిన్న బుడగలు లేచాయి.

తర్వాత ముందు గదిలోంచి ఒక నవ్వు వినిపించింది. అది నానమ్మది కాదు, జోస్నాది కాదు. ఆ వారమంతా విన్న నవ్వు.

హెప్సిబా గంటెను పొయ్యి మీదే వదిలి వచ్చింది. జోస్నా ఫోన్‌ను రెండు చేతులా పట్టుకుని చాప మీద కూర్చుంది. నానమ్మ ఆమె భుజం మీదుగా వంగి, కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుని చూస్తోంది.

"అక్కా, మీ గేమే. నిన్ననే మూడో గట్టుకు వచ్చిన," అంది జోస్నా తల తిప్పకుండా. "నానమ్మా, సూడు, నీ లెక్కనే ఇదిలిస్తది. ఇప్పుడు సూడు, ఇప్పుడు."

ఫోన్‌లో చిన్నగా ఉన్న మంత్రగత్తె పిడికిలి మూసి, ఆగి, చూసి, విదిలించింది. ఆకుపచ్చటి విషం చిందింది. జోస్నా ఒక పక్కకు ఒరిగి తప్పించుకుంది. నీలవేణి బాణాలు ఒకదాని వెనక ఒకటి వెళ్తున్నాయి. హెప్సిబా చెయ్యి చాపింది. ఫోన్ లాక్కోవచ్చు. లాక్కుంటే ఎందుకు లాక్కుందో చెప్పాలి. చాపిన చెయ్యి అట్లాగే ఉండిపోయింది.

మంత్రగత్తె మోకాళ్ళ మీద పడింది. పక్కకు ఒరిగింది. నోరు తెరుచుకుని ఉంది. తెర ఆ ముఖాన్ని దగ్గరగా చూపించింది, రెండు పళ్ళ ఖాళీ బాగా కనబడేంత దగ్గరగా. గిన్నె దొర్లింది.

"సచ్చింది," అని జోస్నా చేతులెత్తింది. అప్పుడు నానమ్మ ముఖం చూసి, చేతులు దించింది. "గేమే నానమ్మా," అంది.

నానమ్మ కళ్ళద్దాలు తీసి, చీర కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

"గా గిన్నె ఎవలు తీస్కుంటరు?"

"సంపినోళ్ళు," అంది జోస్నా మెల్లగా.

నానమ్మ తల ఎత్తి హెప్సిబా వైపు చూసింది. కోపంగా చూడలేదు. అలవాటైన చోట నొప్పి ఉందో లేదో వేలితో వెతికేటప్పుడు చూసే చూపు అది.

"నీకెర్కేనా?"

 వంటింట్లోంచి మాడు వాసన వస్తోంది. వెల్లుల్లి నల్లబడిపోయింది. హెప్సిబా పరుగెత్తి పొయ్యి ఆర్పి, ఆ గంటె పట్టుకుని, పారబొయ్యాలా వద్దా అన్నట్టు అక్కడే నిలబడింది. కొత్త నూనె వేడి చేస్తానని చెప్పింది.

"తే," అంది నానమ్మ. "అదే తే."

మాడిన నూనె ఆమె ముందు పెట్టింది. నానమ్మ వేడి చూసుకోకుండానే వేళ్ళు ముంచింది. జోస్నా కాలును ఒళ్ళోకి తీసుకుంది. ఎప్పటిలాగే వెతికింది, ఆగింది, కిందికి దువ్వింది. ఎప్పటికంటే ఎక్కువసేపు చేసింది. జోస్నా అబ్బా అనలేదు. ఫోన్ బోర్లా పెట్టి, దాని మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. చివరికి నానమ్మ కాలి బొటనవేలి కొసను పట్టి, అక్కడికి చేరినదాన్ని పిడికిట్లోకి తీసుకుంది.

తలుపు తెరిచే ఉంది. వరండాలో ఎదురింటి అండాలమ్మ గడపలో కాళ్ళు చాపుకుని చాటలో బియ్యం ఏరుతోంది. ఇటు చూసి నవ్వింది. హెప్సిబా గడప వైపు రెండడుగులు వేసింది, అడిగితే చెప్పడానికి, అండాలమ్మను ఒక్క నిమిషం లోపలికి పొమ్మనడానికి. నానమ్మ అడగలేదు.

ఆమె ఎడమచేతిని నేలకు ఆనించి లేచింది. మోకాలు పట్టేస్తే కాసేపు వంగే నిలబడింది. కుడిచెయ్యి మూసే ఉంది. ఛాతీకి దగ్గరగా, లోపలిది ఒలికిపోతుందేమో అన్నట్టు పట్టుకుంది. హెప్సిబా పక్కనుంచి గడప దాటింది. చెప్పులు వేసుకుంది. బియ్యం ఏరుతున్న అండాలమ్మ ఎటు పోతున్నావని అడుగుతుంటే, గోడకు ఒత్తుకుని, ఆమెకు చెయ్యి దూరంగా ఉండేట్టు తిరిగి, దాటి వెళ్ళింది.

హెప్సిబా మెట్ల దగ్గరి దాకా వచ్చింది. నానమ్మ దిగుతోంది. రెండు కాళ్ళూ ఒక మెట్టు మీదకు చేరేదాకా ఆగి, తర్వాతి మెట్టు. కమ్మీ కుడివైపే ఉంది. కుడిచెయ్యి దాన్ని పట్టుకోలేదు. మలుపులో ఒకసారి తూలింది, అప్పుడు కూడా ఆ పిడికిలి విప్పలేదు.